ఎడమకాలు ఎక్కడుంది

ఆ శనివారం పొద్దున వంటింటి టైల్స్ మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఫ్రిజ్ దగ్గర మొదలై హాల్లో కార్పెట్ దాకా వరసగా ఉన్నాయి. టమాటా పచ్చడి ఒలికిందేమో అనుకుని, గొణుక్కుంటూ గుడ్డ పెట్టి తుడిచాను. తుడుచుకుంటూ పోతే ఆ చుక్కలు మా ఆయన దగ్గర ఆగాయి.

ఆయన కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని వసంతంలో చేపల వేటకి ఫ్లైలు కట్టుకుంటున్నారు. ఫ్లై అంటే పెద్ద విశేషమేం కాదు. బియ్యపుగింజంత హుక్కుకి ఈకా దారమూ చుట్టి, ట్రౌట్ చేప చూసి పురుగనుకునేలా చేయడం. ఇక్కడి వాళ్ళు దాన్ని బల్ల ముందు కూర్చుని, కాళ్ళకి బూట్లతో చేస్తారు. మేము ఈ చలిదేశం వచ్చి ట్రాయ్‌ ఊళ్ళో ఇల్లు కొని ఇన్నేళ్ళయినా ఇంట్లో చెప్పులు వేసుకోం. పైగా ఈయనకి నేల మీద కూర్చుంటే తప్ప చేతిపని సాగదు. కిందపడ్డ హుక్కులు కార్పెట్‌లో దాక్కుంటాయని నేను మొత్తుకుంటూనే ఉంటాను, ఆయన తలూపుతూనే ఉంటారు.

కాలెత్తండి అన్నాను. ఎందుకని అడుగుతూనే ఎత్తారు. ఎడమ అరికాల్లో, మడమకి కాస్త ముందు, నల్ల ఈక ఫ్లై ఒకటి ముల్లు మునిగేదాకా దిగిపోయి ఉంది. ఆయన దాన్ని చూసి, అరె, ఇందాకట్నుంచి దీని కోసమే వెతుకుతున్నాను అన్నారు.

నాకు నవ్వు రాలేదు. పట్టకారుతో లాగుతున్నంతసేపూ ఆయన ముఖమే చూశాను. కనీసం కనుబొమ్మ ముడిపడలేదు. ఆయనకి షుగర్ ఉండటం కొత్త కాదు. కాళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయని చలి మొదలైనప్పట్నుంచీ అంటున్నారు, చలి వల్లేలే అని తనే సర్దిచెప్పుకుంటున్నారు. ఇల్లంతా రక్తం చేసుకుంటూ తిరిగి, ఫ్లై ఏదీ అని వెతుక్కున్న మనిషిని చూశాక నాకు ఆ చలి కబురు మీద నమ్మకం పోయింది. భయం వేసింది.

గాయం కడిగి కట్టు కట్టి, అప్పటికప్పుడే అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. దొరికింది తర్వాతి వారంలో. అప్పటిదాకా ఏటి ముఖం చూడొద్దన్నాను. అది కుదరదన్నారు. మంచు కరగడం మొదలైతే నీళ్ళు బురదగా మారిపోతాయి, ఇప్పుడైతే అద్దంలా ఉంటాయి, ఆదివారం వెళ్ళాల్సిందే అని పట్టు. ముప్పయ్యేళ్ళుగా కార్ల బ్రేకులు డిజైన్ చేస్తున్న మనిషి, ఒక్కోసారి తనకి మాత్రం బ్రేకులుండవు. సరే, నేనూ వస్తాను, డ్రైవింగ్ కూడా నేనే చేస్తానన్నాను. హుక్కు గుచ్చుకున్నా తెలియని కాళ్ళకి బ్రేక్ ఎక్కడుందో ఏం తెలుస్తుందని అడిగాను. కారు తాళాలు నా చేతికిచ్చారు.

పులిహోర, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని ఉత్తరానికి బయల్దేరాం. ఏటి ఒడ్డున ఆయన ఛాతీ దాకా వచ్చే రబ్బరు పాంటు, అంటే వేడర్స్, దాని మీద బూట్లు తొడుక్కుంటుంటే, నీళ్ళలో ఊతానికి తెచ్చిన కర్ర అందించాను. దాన్ని తీసి మళ్ళీ కార్లో పెట్టేశారు. ముసలాళ్ళ కర్రట. తన నల్ల కళ్ళద్దాలు నాకిచ్చి, ఇవి పెట్టుకుంటే నీటి మీద మెరుపు పోయి అడుగున చేపలు కనిపిస్తాయి, నీకు కాలక్షేపం అవుతుందన్నారు.

ఏటి అంచున మంచు ఇంకా పలకలుగా అతుక్కుని ఉంది. దాని మీద సన్నటి నల్ల పురుగులు పాకుతుంటే, వసంతం దగ్గరికొచ్చిందని సంబరంగా చూపించారు. తర్వాత నీళ్ళలోకి దిగారు. మోకాలు, తొడ. ఆ చలినీళ్ళలో పడితే వేడర్స్ నిండిపోతాయనీ, కాసేపటికే చేతులూ కాళ్ళూ మాట వినవనీ నాకు చెప్పింది ఆయనే, ఎప్పుడో పకోడీలు తింటూ. అదంతా ఇప్పుడు గుర్తొచ్చి నా కాఫీ చల్లారిపోయింది.

దారం విసురుతున్నారు, లాగుతున్నారు, గాలపు కర్ర చివర పేరుకున్న మంచు వేళ్ళతో రాలగొడుతున్నారు. చేపలేం పడలేదు. పడినా వదిలేస్తారు, కూరకి పనికిరాని వేట ఇది. కొంతసేపటికి విసరడం ఆపేశారు. దారం ప్రవాహంలో వదిలేసి కదలకుండా నిలబడ్డారు. చేప కోసం పొంచి ఉన్నారనుకున్నాను. చాలాసేపయినా భుజాలు కూడా కదలకపోయేసరికి లేచి నిలబడి పిలిచాను.

"నా ఎడమకాలు ఎక్కడుందో కొంచెం చూసి చెప్పవా?" అన్నారు.

హాస్యం అనుకున్నాను. కానీ ఆ గొంతులో హాస్యం లేదు.

కళ్ళద్దాలు సరిచేసుకుని, ఒడ్డున పడున్న చెట్టుమొద్దు మీదికెక్కి చూశాను. ఏటి అడుగు నిజంగానే అద్దంలా కనిపించింది. ఎడమ బూటు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. ఆయన ముందుకి లాగుతున్నారు, అది ఇంకా బిగుసుకుంటోంది. ముందుకి కాదు, మడమ వెనక్కి తీయమన్నాను.

"తీశానా?"

"లేదు. ఇంకా వెనక్కి."

"ఇప్పుడు?"

ఆ ప్రశ్న నా గుండెలో గుచ్చుకుంది. తన కాలు కదిలిందో లేదో నన్నడుగుతున్నారు. వచ్చింది, వచ్చింది, ఇప్పుడు నా వైపు ఇసక ఉంది, అక్కడ పెట్టండి అన్నాను. కుడీ ఎడమా అంటే ఇద్దరం తికమకపడతామని, నా వైపు, అవతలి ఒడ్డు చెట్టు వైపు అంటూ చెప్పుకొచ్చాను. ప్రతి అడుగుకీ పెట్టానా అని అడిగారు, పెట్టారు అని నేను చెప్పాక గానీ రెండో కాలు ఎత్తలేదు. ఒక చోట నునుపు రాయి నా కంటికి ఆనలేదు. కాలు జారి ఒరిగిపోయారు, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో మునిగింది. ఆయన లేచి, నా వైపు చూసి, తర్వాతి అడుగు ఎక్కడ అని అడిగారు. పెళ్ళయినప్పట్నుంచీ నా మాట అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

అందేంత దూరానికి రాగానే వేడర్స్ పట్టీ పట్టుకుని గుంజాను. ఇద్దరం మంచులో కూలబడ్డాం. నేను ఏడ్చాను, నోటికొచ్చినట్టు తిట్టాను, మళ్ళీ ఏడ్చాను. ఆయన అన్నీ విన్నారు.

"చలి వల్ల కాదు," అన్నారు చివరికి. "నాకు ముందే తెలుసు."

డాక్టరు కొత్తగా చెప్పిందేం లేదు. దెబ్బతిన్న నరాలు మళ్ళీ మామూలవుతాయని ఆశ పెట్టుకోవద్దనీ, ఉన్నవాటిని కాపాడుకోమనీ, నీళ్ళలోకి ఒంటరిగా దిగొద్దనీ అన్నారు. ఇప్పుడు మా ఆయన బల్ల ముందు కూర్చుని, ఇంట్లో కూడా చెప్పులతో ఫ్లైలు కడుతున్నారు. వారం వారం కిందపడ్డ హుక్కుల కోసం కార్పెట్ మీద నేను అయస్కాంతం ఆడిస్తాను. రాత్రి పడుకోబోయే ముందు ఆయన అరికాళ్ళు చూస్తాను. మొదట్లో సిగ్గుపడేవారు.

మొన్న నా కొలతకి వేడర్స్ వచ్చాయి. నీళ్ళంటే నాకు ఇప్పటికీ భయమే. అయినా ఆయన చెయ్యి పట్టుకుని దిగాలంటే నాకూ ఒక జత కావాలి కదా. వంటింట్లో తొడుక్కుని నిలబడితే, ఆయన కింద కూర్చుని నా బూట్ల లేసులు కట్టారు. ఎక్కడైనా ఒత్తుతోందా అని అడిగారు.

ఎడమకాలి చిటికెనవేలు దగ్గర ఒత్తుతోందన్నాను.

ఆయన ఆ చోట బొటనవేలితో నెమ్మదిగా నొక్కారు. "ఇక్కడేనా? తెలుస్తోందా?"

తెలుస్తోందన్నాను. ఆయన కాసేపు వేలు అక్కడే ఉంచారు.