కట్టు మీద సంతకం

పుత్తూరు పక్కన ఎముకలకు కట్టు కట్టే కొట్టాల్లో ఒకదాని ముందు వింత బోర్డు ఒకటి ఉండేది. పచ్చ రేకు మీద తెల్లటి అక్షరాలతో, 'సి.ఏ. మునిచంద్ర, ఎముకల కట్టు' అని. ఆ సి.ఏ. డాక్టరు చదువు కంటే పెద్ద చదువని చుట్టుపక్కల పల్లెల్లో గట్టి నమ్మకం. "డాక్టర్లు కోస్తారు, సీయేలు కొయ్యరు" అని రేణిగుంట స్టేషన్ దగ్గరే ఆటోవాళ్ళు తేల్చి చెప్పేసేవాళ్ళు. పాపం, మునిచంద్ర చదివింది జమాఖర్చుల చదువు. కంపెనీల లెక్కలు తనిఖీ చేసి, అవి సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టే ఆడిటరు చదువు.

ఆ బోర్డు రాయించింది అతని నాయన మునెయ్య. తీసెయ్యమని కొడుకు ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట.

"అంత కష్టపడి సదివినావు. రెండక్షరాలు రాసుకుంటే ఎవురి సొమ్ము పోతాదిరా?"

మునిచంద్ర ఆ పరీక్ష పాసై, ఆడిటర్ల సంస్థ సభ్యుల జాబితాలో పేరు ఎక్కిన ఏడాదే మునెయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మూడు తరాలుగా కట్టు కట్టే ఇల్లు. చిన్నప్పటి నుంచీ ఆకు నూరి, వెదురు బద్దలు చెక్కి, విరిగిన చోటు వేళ్ళతో తడిమి నేర్చుకున్న విద్య కొడుక్కీ ఉంది. "రెండు నెలలు సూసి పో" అన్నాడు తండ్రి. మునిచంద్ర సరేనన్నాడు. ఆ రెండు నెలలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

దానికి కారణం ఆ ఇంటి కట్టుబాటు. కట్టు ఏ చెయ్యి కడితే ఆ చెయ్యే విప్పాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. ఎముక ఎలా కూర్చుందో కట్టినవాడి వేళ్ళకే గుర్తుంటుందని మునెయ్య తాత పెట్టిన నియమం. ఒకరి కట్టు విప్పేలోపు ఇంకో పదిమందికి కట్టి ఉండేవాడు మునిచంద్ర. తిరుపతికి వెళ్ళి ఆడిటరుగా బోర్డు పెట్టుకోవాలంటే ముందు వీళ్ళందరివీ విప్పాలి. విప్పడం ఎన్నడూ పూర్తి కాలేదు.

అయినా ఏటా సెప్టెంబరు ముగిసేలోపు సభ్యత్వ రుసుము చెల్లించేవాడు. చెల్లించకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. పేరు ఉన్నంత మాత్రాన సంతకం చేసే హక్కు రాదు, ప్రాక్టీసు చేస్తానని వేరే అనుమతి తీసుకోవాలి. అది అతను తీసుకోనేలేదు. మరి ఆ పేరు ఎందుకయ్యా అంటే, ఉండనీలే అనేవాడు.

"కట్టుకోని చీరకు ఏటేటా కలరా ఉండలు పెట్టినట్టుండాది నీ యవ్వారం" అనేది భార్య కోమలి. నవ్వుతూనే అనేది.

కానీ కట్టుకోని చీర మీదే కదా మనసు ఎక్కువ పోయేది. మార్చి ఆఖరి వారం వచ్చిందంటే మునిచంద్రకు రేణిగుంట గోడౌన్లు గుర్తొచ్చేవి. తిరుపతిలో ప్రతాప్ సారు దగ్గర శిక్షణలో ఉన్నప్పుడు ఆ గోడౌన్లలో మూటలెక్కి సరుకు లెక్కపెట్టిన ఎండలు, చెవి వెనక పెట్టుకున్న పచ్చ పెన్సిలు, సరిపోయిన ప్రతి అంకె పక్కనా పెట్టిన టిక్కు. ఎంతకీ కుదరని లెక్క సాయంత్రానికి కుదిరితే ఆఫీసంతా టీ తెప్పించుకునేవాళ్ళు. వాటన్నిటి చివరా ప్రతాప్ సారు సంతకం పడేది. ఆ చోట తన సంతకం ఒక్కసారి, ఒకే ఒక్కసారి పడాలని మునిచంద్రకు ఆశ. వార్తాపత్రిక అంచుల మీద రాసి చూసుకునేవాడు. ముందు సి.ఏ., తర్వాత పేరు, కింద సభ్యత్వ సంఖ్య. రాసినంతసేపూ బాగుండేది, తర్వాత ఎవరూ చూడకుండా ఆ అంచు చింపేసేవాడు.

అందుకే ఈ ఏడు ఇక చెల్లించకూడదని తీర్మానించుకున్నాడు. పేరు పోతే ఆశా పోతుందని. కోమలితో చెబితే "నీ ఇష్టం" అంది.

సెప్టెంబరు మొదటి వారంలో కొట్టం ముందు తిరుపతి కారు ఆగింది. ప్రతాప్ సారు దిగాడు. తడి గచ్చు మీద జారి పడ్డాడట, కుడి మణికట్టు వాచి బూరెలా ఉంది.

"సరిగ్గా సంతకాల కాలంలో విరగ్గొట్టుకున్నా చూడప్పా" అన్నాడు, నొప్పిని పంటిబిగువున అణచుకుంటూ. "కంప్యూటర్లో పెట్టేవి ఎడం చేత్తోనైనా నొక్కుతా. కాగితాల మీదవి ఎట్లా?"

మునిచంద్ర ఆ చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. తను ఏళ్ళ తరబడి వెనక నిలబడి చూసిన చెయ్యి అది. తడిమి, ఒక్క లాగు లాగి ఎముకను కూర్చోబెట్టి, ఆకుపసరు రాసి, బద్దలు పెట్టి, తెల్లగుడ్డ చుట్టాడు. సారు కళ్ళు తుడుచుకుని కొట్టమంతా కలియజూశాడు.

"ఇంకా సభ్యుడివేనా?"

"ఈ నెలాఖరు దాకా సార్."

"వదిలేస్తావా? నాకు వయసైపోయింది మునిచంద్రా. అనుమతి తెచ్చుకో, నా ఆఫీసులో కూర్చో. అక్టోబరు నుంచి సంతకాలు నువ్వే పెట్టు. నువ్వు రాకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తా. ఈ కట్టు విప్పే రోజుకు చెప్పు." ఎడం చేత్తో జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. "అంతదాకా దీని మీద పెట్టు నీ సంతకం. దీనికి ఏ అనుమతీ అక్కర్లేదులే."

మునిచంద్ర పెన్ను అందుకున్నాడు. తెల్లగుడ్డ మీద నిదానంగా, ఒక్క వంపు కూడా వదలకుండా, సి.ఏ. మునిచంద్ర అని రాసి, కింద సంఖ్య వేశాడు.

చెట్టు కింద వరసలో కూర్చున్న జనం చూడనే చూశారు. తర్వాత వచ్చిన ఐరాల రైతు కట్టు అయ్యాక కూడా లేవలేదు.

"ఆ తిరుపతి సారుకు రాసినావే, మాకు రాయవా? కారులో వస్తేనే రాస్తావా అప్పా?"

నవ్వి రాసిచ్చాడు. అంతే, రాసిన కట్టు తొందరగా అతుకుతుందని పుత్తూరు సంతంతా పాకింది. పాత కట్టువాళ్ళు కూడా వచ్చి చేతులు, కాళ్ళు చాపారు. మునిచంద్ర అందరికీ రాశాడు, పూర్తిగా, సంఖ్యతో సహా. జీవితమంతా కాగితం దొరకని సంతకానికి ఊరంతా గుడ్డలు దొరికాయి.

"అది పెట్టేటప్పుడు నీ ముఖం నువ్వు సూసుకోలేదు" అంది కోమలి ఒకనాడు అన్నం వడ్డిస్తూ. "పో. తిరుపతి ఏమన్నా సముద్రాల అవతల ఉండాదా? మామను నేను సూసుకుంటా."

పోవాలని అతనికీ ఉంది. ఎంత ఉందంటే, అన్నం తింటూనే విప్పాల్సిన కట్లన్నీ లెక్క వేసుకున్నాడు. పోవాలంటే ఇక కొత్త కట్లు కట్టకూడదు. మరుసటి ఉదయం మోచెయ్యి విరిగిన ఒక పిల్లను తెచ్చిన తల్లితో, వేరే కొట్టానికి పొమ్మని చెప్పేశాడు. ఆమె పిల్లను ఆటో ఎక్కించుకుంది. మట్టి రోడ్డు గుంతలో ఆటో పడ్డప్పుడల్లా పిల్ల కేక వినిపించింది. రెండో కేకకు మునిచంద్ర చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడి ఆటోను ఆపాడు. ఆ పిల్ల కట్టు విప్పాల్సింది అక్టోబరులో.

నెలాఖరుకు ఒకరోజు ముందు ప్రతాప్ సారు వచ్చాడు. కట్టు నిలువునా కొయ్యాలి. కత్తెర సరిగ్గా సంతకం మధ్యలోంచి వెళ్ళింది. సారు వేళ్ళు ముడిచి, చాపి, మళ్ళీ ముడిచి చూసుకున్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు చెప్పు."

"కట్లు విప్పాల్సినోళ్ళు ఇంకా ఉండారు సార్."

"ఎప్పుడూ ఉంటారు కదప్పా."

"అదే సార్."

సారు చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కున్నాడు. "పోనీ, పేరైనా ఉంచుకో" అన్నాడు చివరికి.

"పేరున్నన్నాళ్ళూ మనసు మీ ఆఫీసు మెట్ల మీదే ఉంటాది సార్. ఇంక తట్టుకోలేను."

కోసిన గుడ్డ మిగతా గుడ్డలతో పాటు పెరటి గుంతలోకి పోయింది. మర్నాడంతా మునిచంద్ర ఫోను దగ్గర పెట్టుకునే కట్లు కట్టాడు. చాలాసార్లు రుసుము చెల్లించే పేజీ తెరిచాడు. చెల్లించలేదు.

అక్టోబరు ఒకటిన పొద్దున్నే నిచ్చెన వేసుకుని బోర్డు దగ్గరికి ఎక్కాడు. సభ్యుడు కానివాడు ఆ అక్షరాలు పెట్టుకోకూడదు. ఇక్కడికి వచ్చి అడిగేవాళ్ళెవరూ లేరు, కానీ అతను ఆడిటరు, తన లెక్క తనే తప్పు రాసుకోలేడు. కింద కుర్చీలో ఉన్న మునెయ్య కొడుకు చేతిలోని ఉలిని చూశాడు.

"గీకబాకురా. గీకితే రేకు తుప్పు పడతాది. రంగు పుయ్యి" అన్నాడు. ఎడం చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు.

ఆ రెండక్షరాల మీద పచ్చరంగు పూశాడు. అది ఆరకముందే కుప్పమ్మ అనే ముసలావిడ వచ్చింది. మేకను పట్టుకోబోయి పడి ముంజేయి విరగ్గొట్టుకుంది. కట్టు పూర్తికాగానే అందరిలాగే సంతకానికి చెయ్యి చాపింది. మునిచంద్ర పెన్ను తీసి పేరు రాసి ఆపాడు.

కుప్పమ్మకు చదువు రాదు. అయినా పక్కింటామె కట్టు చూసి వచ్చిందేమో, గుడ్డ వైపు అనుమానంగా చూసింది.

"ముందర రెండక్షరాలు రాస్తావే నాయనా. మా సుబ్బులమ్మకు రాసినావు. నాకు రాయలేదేమి?"

"అవి లేకపోయినా అతుక్కుంటాది అవ్వా."

"రాయి నాయనా. నీ అక్షరాలే గదా."

"ఇప్పుడవి నావి కావు అవ్వా."

"నీవి కాకుంటే ఎవురివి?"

మునిచంద్ర ఆ ముసలిచేతిని తన అరచేతుల్లోంచి వదల్లేదు. పెన్ను ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

"వచ్చే నెల రా అవ్వా" అన్నాడు. "నేనే విప్పుతా. నేను ఈడనే ఉంటా."