గోడ మీద కొడుకు

గూడెంలో అందరూ ఆమెను రెండునోళ్ళమ్మ అనేవారు. ఒక నోట ఇంటి భాష, ఇంకో నోట బజారు భాష గడగడా మాట్లాడేది మరి. కొండవాళ్ళ మాటల మీద, బొమ్మల మీద పరిశోధన చేస్తున్న ప్రొఫెసరమ్మకు ఆ రెండు నోళ్ళూ అక్కరకొచ్చాయి. ఏళ్ళ తరబడి కలిసి తిరిగి ఇద్దరూ సొంత మనుషుల్లా అయిపోయారు.

వాళ్ళ భాషలో గీయడానికీ పిలవడానికీ ఒకటే మాట. ఎవరైనా పోతే గోడ మీద బొమ్మ గీసి పిలుస్తారు, కడసారి మాట్లాడుకుంటారు, ఆపైన మట్టి మెత్తి సాగనంపుతారు. మెత్తకపోతే పోయినవాళ్ళు ఎటూ కాకుండా నిలబడిపోతారని నమ్మకం. రెండునోళ్ళమ్మ మేనత్త కొడుకు వాగులో కొట్టుకుపోతే, ఆ తల్లి తానే గీసుకుంది, తానే మెత్తుకుంది. ఆరోజు ప్రొఫెసరమ్మను రానిచ్చారు గానీ కెమెరా వద్దన్నారు. ఆవిడ సరేనంది.

తర్వాత పట్నంలో ప్రదర్శన పెట్టి, అక్కడ కొత్త బొమ్మ వేయడానికి ఆ మేనత్తను, ఆమె మాట చెప్పడానికి రెండునోళ్ళమ్మను పిలిపించారు. తడిమట్టి తొట్టితో హాల్లోకి వచ్చిన ముసలావిడ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. ఎదురుగా నిలువెత్తు ఫోటోలో ఆ గోడ, దాని మీద ఆమె కొడుకు.

అధికారులు చుట్టూ చేరారు. అత్త గొణిగినట్టు ఏదో అంది.

"ఏమంటున్నారు? బాగుందనేనా?" ప్రొఫెసరమ్మ నవ్వుతూనే అడిగింది. కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి.

రెండునోళ్ళమ్మ ఇద్దరి వంకా చూసింది. కాస్త మార్చి చెబితే ఎవరికీ తెలియదు. పనీ ఉంటుంది, స్నేహమూ ఉంటుంది. పక్కన అత్త కొడుకు మీంచి చూపు తిప్పడం లేదు.

"నా కొడుకుని ఇన్నాళ్ళూ ఇక్కడ నిలబెట్టేశారా, అని అడుగుతోంది," అంది.

 ప్రొఫెసరమ్మ రెండునోళ్ళమ్మను పక్కకు లాగి, ఇప్పుడు ఇది తీసేస్తే తన పరువు గంగలో కలుస్తుందని గుసగుసలాడింది. ఈలోగా అత్త తొట్టిలో చేయి ముంచింది. ఫోటో అద్దం మీద మట్టి పడింది. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. రెండునోళ్ళమ్మ చేతులు చాచి అడ్డంగా నిలబడింది. వాడు ప్రొఫెసరమ్మ వంక చూశాడు.

"వదిలెయ్," అందావిడ చివరికి, తలెత్తకుండా.

అత్త తొందరపడలేదు. కాళ్ళూ చేతులూ ముఖమూ ఒక్కొక్కటే కప్పుతూ కొడుకుతో మాట్లాడుకుంది.

ఆ తర్వాత చాన్నాళ్ళు ప్రొఫెసరమ్మ నుంచి కబురు లేదు. రెండునోళ్ళమ్మ ఆస్పత్రిలో రోగుల మాట డాక్టర్లకు చెప్పే పనిలో చేరింది. వానాకాలంలో ఒకరోజు ప్రొఫెసరమ్మే వచ్చి అత్త గుమ్మం ముందు నిలబడింది. అత్త పీట వేసి, ఇంకెవరి బొమ్మలైనా ఇలా ఫోటో తీసి దాచిందేమో అడగమని రెండునోళ్ళమ్మకు చెప్పింది. ఉన్నాయని ప్రొఫెసరమ్మ ఒప్పుకుంది.

"అయితే ఆ ఇళ్ళకు పోదాం పదండి. తీసిన సంగతి మీరే చెప్పాలి," అని రెండునోళ్ళమ్మ చెప్పులేసుకుంది.