రాంగ్ రూట్‌లో వచ్చే మనిషి

రోడ్డు భద్రత మీద తీస్తున్న చిన్న సినిమాకి యానిమేషన్‌లో బండ్ల సీన్లు చేసే పని నాకొచ్చింది. జహీరాబాద్‌లో మా ఇంట్లోనే కూర్చుని చేయాలి. లారీని ఇట్టే చేసేశాను. హైవే పక్కన కాపురమున్నదానికి లారీ ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా! చిక్కంతా బైకు మనిషితోనే వచ్చింది. రాంగ్ రూట్‌లో వచ్చి లారీ కింద పడేది వాడే.

"బొమ్మలా ఉన్నాడమ్మా, మనిషిలా లేడు" అంటూ హైదరాబాద్ నుంచి సినిమా తీసే సారు మళ్లీ మళ్లీ వెనక్కి పంపాడు. ఒళ్లు మండింది. చివరికి నాకు బాగా తెలిసిన మనిషి కూర్చునే తీరే వాడికి పెట్టేశాను. కుడి మోచెయ్యి బయటికి, ఒళ్లు కాస్త ఎడమకి ఒరిగి, స్పీడ్ బ్రేకర్ ఇంకా రాకముందే ఒక కాలు కిందికి. సారు వెంటనే ఓకే అన్నాడు.

చాయ్ తెచ్చిన అత్తమ్మ తెరవైపు చూసి గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

"ఏందే గిది? బండి మీదున్నది నా కొడుకు గదనే!"

ఆ బొమ్మకి నేనింకా ముఖం కూడా పెట్టలేదు. అంతలో ఎదురుగా లారీ వచ్చింది.

"ఆపవే, నీకు దండం బెడ్త!" అని అరిచింది.

ఆ సాయంత్రం కొడుక్కి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ చేత్తోనే కంప్యూటర్‌కీ తీసింది. నాకు నవ్వొచ్చింది గానీ, భయం మాత్రం పోలేదు.

మా ఆయన చిరాగ్‌పల్లి దగ్గర అల్లం గోదాములో పనిచేస్తాడు. ఇంటికి రావాలంటే ముందు ఎదురు దిక్కున కొంత దూరం పోయి, యూటర్న్ తీసుకుని తిరిగి రావాలి. ఆయన గేటు దాటగానే రాంగ్ రూట్‌లో ఇటే వచ్చేస్తాడు. ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. ఆ రాత్రి కూర్చోబెట్టి సీనంతా చూపించాను.

"సినిమాల సచ్చేది నేనా? హీరో యేషం ఇస్తవనుకున్న గదా!" అని నవ్వాడు.

"నవ్వకు. నాకు భయమైతుంది. రేపటి సంది యూటర్న్ కాడ తిరిగే రా."

"అందరు గట్లనే వస్తున్రు. ఫికర్ చెయ్యకు" అన్నాడు. నా మొహం చూసి మళ్లీ తనే తగ్గాడు. "సరే తీ, తిరిగే వస్త. పావుగంట లేటైతది, మల్ల ఫోన్ల మీద ఫోన్లు చెయ్యకు."

ఆ మాట నమ్మాను. మర్నాడు సాయంత్రం అన్నం కాస్త ఆలస్యంగానే పొయ్యి మీద పెట్టాను. మొగుడు ఆలస్యంగా రావాలని మొక్కుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో!

వాకిట్లో బండి ఆగింది. గడియారం చూశాను. రోజూ వచ్చే వేళే.

"దిష్టి తీసిన గదా, సూడు, నా కొడుకు సల్లగ వచ్చిండు!" అంటూ అత్తమ్మ సంబరంగా నీళ్ల చెంబు పట్టుకుని ఎదురెళ్లింది.

"ఆకలైతుంది, అన్నం పెట్టు" అని ఆయన వంటింట్లోకి వచ్చాడు. నాకు ఏడుపు ఆగలేదు. పొయ్యి మీద అన్నం ఇంకా ఉడకలేదు.