మిరప ఘాటు అనుకున్న ఆయాసం

బాబు పాలు తాగుతూ మధ్యలో వదిలేశాడు. చలి ఇంకా పోలేదు, అయినా నుదురంతా చెమట. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. వాడికి అప్పుడు రెండో నెల.

మా ఇల్లు గుంటూరు జిల్లాలో, మిరప కల్లాల పక్కనే. కాయలు ఆరబోసే రోజుల్లో ఊరంతా తుమ్ములూ దగ్గులే.

"ఊరంతా దగ్గుతుంటే నీ కొడుకొక్కడే మహారాజా? ఘాటుకి అట్టాగే ఉంటది. ఫోన్లో చూసి బెంబేలు పడమాకు" అంది అత్తయ్య. కిటికీలకు తడిబట్టలు కట్టింది. ఊళ్ళో డాక్టరు గారూ దగ్గు మందే రాశారు. తగ్గకపోయేసరికి నన్నూ బాబునూ పర్చూరులో మా అమ్మ దగ్గరికి పంపారు. ఆ ఇంటి దరిదాపుల్లో కల్లాలు లేవు. అక్కడా అదే ఆయాసం.

అమ్మ వాడి గుండెల మీద చెయ్యి వేసి, "ఇది ఘాటు కాదే. పద, ఒంగోలు" అంది.

అక్కడి పిల్లల డాక్టరు స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. "మర్మర్ ఉందమ్మా, గుండె చప్పుడులో తేడా. ఎకో, అంటే గుండె స్కాన్ తీయించండి." ఎకోలో ఏవీ కెనాల్ డిఫెక్ట్ అని తేలింది. గుండె గదుల మధ్య గోడలో రంధ్రాలు, వాల్వ్ కూడా సరిగా ఏర్పడలేదు. "పుట్టుకతోనే ఉంది. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఓపెన్ హార్ట్ సర్జరీ చేయాలి" అన్నారు.

"ఇంత బుజ్జి ఛాతీని కోస్తారా అండీ?" అన్నారు కబురందుకుని వచ్చిన మావారు.

నాలుగో నెలలో హైదరాబాదులో ఆపరేషన్ జరిగింది. ఐసీయూలో ఆ గొట్టాల మధ్య వాణ్ణి మొదట గుర్తుపట్టలేకపోయాను. వెంటిలేటర్ తీశారు. ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ పెట్టారు. మొక్కుకోవడం కూడా మానేశాను. ఏమని అడగాలో తెలియలేదు.

బతికాడు. ఇప్పుడు మూడేళ్ళు. నిన్నటి ఎకో చూసి డాక్టరు గారు, "వాల్వ్ లీక్ పెరిగిందమ్మా. మళ్ళీ తెరవాలి" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు వాడు నా ఒళ్ళో కూర్చుని దారంతా బస్సు హారన్‌ని అనుకరిస్తూనే ఉన్నాడు.

తల్లులకు ఒక్కటి చెప్పగలను. పాలు తాగేటప్పుడు బిడ్డకు చెమటలు పడుతున్నా, అలసిపోయి వదిలేస్తున్నా, వీడియో తీసి పిల్లల డాక్టరుకు చూపించండి. అక్కడికి వెళ్ళేసరికి బిడ్డ హాయిగా నిద్రపోతుంటాడు, చూసేవాళ్ళకు ఏమీ తెలియదు.

ఈ ఉదయం పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఆపరేషన్ సంగతి చెప్పాను.

"చిన్నప్పుడే కుట్టేశారుగా అమ్మా? ఈసారి పూర్తిగా బాగైపోద్దా?" అంది వాడి అక్క, ఏడేళ్ళ పాప.

అవుతుందని నోటిదాకా వచ్చింది. "నాకు తెలియదమ్మా" అన్నాను.

బాబు చొక్కా పైకెత్తి కుట్ల మచ్చ మీద వేలు పెట్టాడు. "మళ్ళీ ఇక్కడేనా?"

"అక్కడే నాన్నా. నొప్పి పుడుతుంది. నన్ను లోపలికి రానివ్వరు. తలుపు బయటే ఉంటాను."