చెన్నూరామె పేరు

మొన్న మనవరాలు, కరీంనగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నది, సమాజశాస్త్రం సారు ఐదు తరాల చుట్టరికం గీయమన్నారంటూ గడులు గీసిన కాగితం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఆడోళ్ల పేర్లు సుత కావాల్నట, జర యాది చేసుకోని చెప్పు" అని నా పక్కన కూర్చున్నది. అందరి పేర్లూ చెప్పాను గాని ఒక్క గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను. దాని వెనకున్న సిగ్గు ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు. నా ఈడు వాళ్లు మీరైతే అర్థం చేసుకుంటారని రాస్తున్నాను.

నేను బడి మొహం చూసినదాన్ని కాను. బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, వాటితోపాటే తన వైపు ఏడు తరాల పేర్లు అప్పజెప్పించుకునేవారు; అన్నీ మగవాళ్లవేనని అప్పుడు తోచలేదు. పెళ్లయి చొప్పదండి వచ్చి, పిల్లలు పెద్దయ్యాక, బడి చదువు లేనివాళ్లు కూడా పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చని తెలిసి, దేవుడి దయవల్లా మా ఇంటాయన మంచితనంవల్లా నలభై ఏళ్ల వయసులో ఆదివారం తరగతులకు బస్సెక్కాను.

మా సారూ ఇలాంటి పనే ఇచ్చారు. బాపు వైపు గడులు చిటికెలో నిండాయి. అవ్వను, అంటే మా అమ్మను, కన్నామె నేను పుట్టకముందే పోయింది; పుట్టింటి ఊరు పేరుతో అందరూ ఆమెను చెన్నూరామె అనేవారని మాత్రమే విన్నాను. అవ్వ అప్పుడు మా ఇంట్లోనే, వంటింటి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. పదడుగులు వేసి అడగవచ్చు. చదువురాని అవ్వకు ఇదంతా ఏం విడమరిచి చెప్పేదిలే అనుకుని, రోజూ పూజలో చదివే దేవి పేర్లలోంచి ఒకటి తీసి రాజేశ్వరి అని రాసేశాను.

అమ్మమ్మ పేరు కూడా కనుక్కుని రాసింది ఈమె ఒక్కతేనని సారు ఆ కాగితం తరగతికంతా చూపించారు. తలవంచుకుని ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికి తెచ్చాక అవ్వ ముచ్చటపడి చదవమంటే గడిగడీ చదివాను.

"రాజేశ్వరా? పేరు మంచిగున్నది బిడ్డా," అన్నది. "గామె ఎవలు?"

మీ అవ్వేనని చెప్పలేక చెప్పాను. కోపగించుకోలేదు. "నన్నడిగితె నీ నోరు అరుగుతుండెనా? సారుకు తెల్వకపాయె, నాకు తెల్వదా?" అని నవ్వి, అసలు పేరు చెప్పింది. కాగితం మళ్లీ సారుకే ఇవ్వాలి, దిద్దితే నా అబద్ధం తెలుస్తుందని దిద్దలేదు. అవ్వ ఉన్నది గదా అన్న ధీమాతో మరెక్కడా రాసుకోనూ లేదు. మరుసటి ఏడే అవ్వ పోయింది. ఆ పేరు నా మనసులోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియదు. అడుగుదామంటే అవ్వ తరం వాళ్లెవరూ మిగల్లేదు.

ఇప్పుడు కోడళ్లను అత్తగారింట్లో సొంత పేరుతోనే పిలుస్తున్నారు, పిల్లలు ఇంట్లో పెద్దాడవాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకుంటున్నారు. ఆ భాగ్యం కళ్లారా చూసినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. ఏటా పెత్రమాస నాడు, పితృ అమావాస్యకు, పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చేటప్పుడు మాత్రం, అందరినీ పేరుపేరునా తలుచుకుని, చివరి పళ్లెం దగ్గర "మా అవ్వను కన్న తల్లికి" అని, గొంతు తగ్గించి అంటాను.