స్వీటీ అసలు పేరు

మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్మే రాజమణి నా బిడ్డ. దానికి ఒక్కటే భయం: తను పోతే పదేళ్ల కూతురు స్వీటీ గతేమిటని. మొగుడు అంజన్న నాలుగేళ్ల కిందట ఇల్లు వదిలి పోయాడు. ఎక్కడో బతికే ఉన్నాడు.

"నేను సచ్చినా పిల్ల సదువు ఆగొద్దు, పైసలు గానికి దొరకొద్దు అమ్మా" అనేది.

అందుకే ఇన్సూరెన్సు ఏజెంటు ప్రేమ్‌రాజ్‌ను పిలిచింది. ఒక పాలసీలో బతికుంటే కట్టింది తిరిగొస్తుందట, పోతే వచ్చేది మాత్రం తక్కువ. ఇంకోదానిలో బతికుంటే పైసా రాదు, పోతే పిల్ల చదువుకు సరిపడా వస్తుంది.

"బతికుంటె నేనే సాదుకుంట గద. సచ్చుడుకే ఇయ్యి" అంది రాజమణి.

"ఏందే, కొత్తిమీర కట్టకు బేరమాడినట్లు సావుకు బేరమా?" అన్నాను. నా మాట ఎవరికి పడుతుంది!

డబ్బు ఎవరికి రావాలని ప్రేమ్‌రాజ్ అడిగితే స్వీటీకి అంది. వాడు రాసుకున్నాడు. కాగితం ఇంటికొచ్చింది. అంతా ఇంగ్లీషే, మాకేం తెలుస్తుంది? దేవుని ఫోటో వెనక పెట్టేశాం.

నెల తర్వాత అయిదో తరగతి చదివే స్వీటీనే దాన్ని తీసి చదివింది. "అమ్మా, దీంట్ల నాయిన పేరుంది!"

పిల్ల పెద్దదయ్యేదాకా డబ్బు చూసుకునేవాళ్ల పేరు రాసే చోట, ప్రేమ్‌రాజ్ అడగకుండానే అంజన్న పేరు రాశాడు. ఫోన్ చేస్తే "ఫికర్ చెయ్యకమ్మా, తండ్రే గదా" అన్నాడు.

"నీ తలకాయ! గాడు తండ్రైతే పిల్ల నా దగ్గరెందుకుంటది?" అని నేనే అరిచాను.

వాడు వినకపోతే కోర్టుకు పోయాం. బయట ఒక వకీలు కాగితం చూడ్డానికే అయిదు వేలు అడిగాడు. టీ కొట్టు ఆమె మా ముఖాలు చూసి, ఆడవాళ్లకు కోర్టులోనే ఉచితంగా వకీలును ఇస్తారని చెప్పింది. ముందే తెలిస్తే నేరుగా లోపలికే పోయేవాళ్లం!

లోపల వకీలమ్మ కాగితమంతా చదివింది. "కేసెందుకమ్మా? ఒక్క ఫారంతో మార్చొచ్చు. పిల్ల ఆధార్ ఉందా?"

ఇచ్చాం. చూసి, "పోచమ్మ ఎవరు?" అంది.

స్వీటీ తల దించుకుంది. బడిలో నవ్వుతారని ఆ పేరు అది ఎవరికీ చెప్పదు. రాజమణి నా మీద పడింది: "అంత నీతోనే! ఏం పేరు పెట్టినవే అమ్మా!"

"పుట్టంగనే ఊపిరాడకుంటె ఆ పోచమ్మ తల్లే బతికిచ్చింది. స్వీటీ అంట, మిఠాయి దుకాణం లెక్క!"

"లొల్లి ఆపండి" అంది వకీలమ్మ. "పాలసీలో స్వీటీ, ఆధార్‌లో పోచమ్మ. రేపు డబ్బొస్తే ఆ స్వీటీ నేనేనని ఈ పిల్ల ఎన్ని ఆఫీసులు తిరగాలి?"

 

వకీలమ్మ ఫారం తీసింది. "తండ్రి బదులు ఎవరి పేరు రాయాలి?"

"మా చెల్లె సోనీ" అంది రాజమణి.

వకీలమ్మ కలం పెట్టబోతుంటే స్వీటీ చెయ్యి అడ్డం పెట్టింది. "రాయకుండ్రి మేడం! చిన్నమ్మ అసలు పేరు ఎల్లమ్మ. గదీ అమ్మమ్మ పెట్టిందే." ఆగి, తల ఎత్తింది. "నా పేరు పోచమ్మ. గదే రాయుండ్రి."