కుక్కపిల్ల బొడ్డు మీద రూపాయి బిళ్ళ

మా అత్త నాకు సొంత మేనత్త. ఆ చుట్టరికం ఉండబట్టే ఒక ఇంట్లో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాం, లేకపోతే ఎప్పుడో పోలీసుస్టేషన్ ఎక్కేవాళ్లం. ఆవిడకు తెలియని విషయం లేదు. పత్తికి ఏ మందు కొట్టాలో పురుగుమందుల కొట్టువాడికి కూడా ఆవిడే చెబుతుంది. అలాంటి మనిషి చేతికి దొరికింది ఆ కుక్కపిల్ల.

మిరపకాయల కళ్ళానికి కాపలా ఉంటుందని మా ఆయన పెదకాకాని నుంచి తెచ్చాడు. రెండు నెలల ఆడకుక్క. దాన్ని వెల్లకిలా తిప్పితే బొడ్డు దగ్గర ఉసిరికాయంత బుడిపె. వేలితో నొక్కితే లోపలికి పోయేది, మొరిగితే మళ్ళీ బయటికి వచ్చేది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ చూసి, ‘‘బొడ్డు దగ్గర కండ సరిగా మూసుకోలేదమ్మా. మెత్తగా ఉన్నంతవరకూ భయం లేదు. కొంచెం పెద్దదయ్యాక కూడా తగ్గకపోతే ఆపరేషన్ చేసి కుట్టేద్దాం. గట్టిపడినా, వాంతులు చేసుకున్నా వెంటనే తీసుకురండి. దాని మీద ఏమీ కట్టకండి,’’ అంది.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. మర్నాడు పొద్దున చూస్తే కుక్కపిల్ల నడుముకి పసుపు గుడ్డ! విప్పితే లోపల రూపాయి బిళ్ళ. నా ఒళ్ళు మండిపోయింది.

‘‘ఏంది అత్తా ఇది? డాక్టరు కట్టొద్దందిగా!’’

‘‘ఆ పిల్ల డాక్టరుకేం తెలుసే! నీ మొగుడు పుట్టినప్పుడు బొడ్డు ఇంతకంటే పెద్దది. బిళ్ళ కట్టే లోపలికి పంపించా. ఇప్పుడు ఎట్టా ఉన్నాడో చూడు.’’

‘‘ఆయన మనిషి, ఇది కుక్క!’’

‘‘బొడ్డు బొడ్డేనే.’’

నేను విప్పడం, ఆవిడ కట్టడం. వారం రోజులు ఇదే గొడవ. కళ్ళంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీలు పని మానేసి మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. ఇక మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. తల్లీ పెళ్ళామూ అరుచుకుంటుంటే ఫోను పట్టుకుని పెరట్లోకి పోతాడు. పిరికి మనిషి.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అత్త కట్టిన కట్టు నేను విప్పిన ప్రతిసారీ ఆ బుడిపె కాస్త అణిగినట్టే కనిపించేది. నాకు లోలోపల అనుమానం పట్టుకుంది, ముసలిది చెప్పిందే నిజమేమోనని. ఆ అనుమానం వచ్చినందుకు నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

ఒకరోజు అత్త గుడికి వెళ్లింది. బుడిపె ఎప్పటికంటే పెద్దగా ఉబ్బి కనిపించింది. నాకు భయమేసింది. అటూ ఇటూ చూసి, పాత చీర అంచు చించి, అదే బిళ్ళ పెట్టి కట్టాను. అత్త వదులుగా కట్టేది, సాయంత్రానికి జారిపోయేది. నేను జారకూడదని రెండు చుట్లు లాగి బిగించాను. ఇంతలో మబ్బు పట్టింది. కళ్ళంలో కాయంతా ఆరబోసి ఉంది. పరుగెత్తుకెళ్లి పట్టాలు కప్పడంలో, కాయ కుప్ప చేయడంలో కుక్కపిల్ల మాటే మరిచిపోయాను. గుడి నుంచి అత్త కూడా నేరుగా కళ్ళంలోకే వచ్చింది. మర్నాడు పొద్దునకి గానీ నాకు కట్టు సంగతి గుర్తు రాలేదు.

అప్పటికే అది వాంతులు చేసుకుంటోంది. విప్పి చూస్తే బుడిపె రాయిలా ఉంది, చుట్టూ చర్మం నల్లబడింది. ముట్టుకుంటే కేకలు పెట్టింది. ఆటోలో అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

‘‘పేగు ఇరుక్కుపోయింది. ఇప్పుడే కొయ్యాలి. బతుకుతుందని మాటివ్వలేను. ఎవరమ్మా కట్టింది?’’ అని అడిగింది డాక్టరమ్మ. గొంతులో కోపం ఉంది.

‘‘మా అత్తండీ. ఎంత చెప్పినా వినదు. ఊళ్ళో వాళ్లందరికీ వైద్యం చేస్తుంది. నోరు లేని జీవాన్ని చంపేసింది!’’

ఎంత గట్టిగా అన్నానంటే బయట గేదెలతో నిలబడ్డవాళ్లు కూడా లోపలికి తొంగిచూశారు. డాక్టరమ్మ అత్తను కడిగిపారేసింది. పెద్దదానివి, నీకు బుద్ధి లేదా అంది. జన్మలో ఒకళ్ళ మాట పడని మనిషి తల వంచుకుని ఆ మాటలన్నీ పడింది.

కుక్కపిల్ల బతికింది. ఇంటికి తెచ్చాక మూడు రోజులు అత్త దాని పక్కనే కూర్చుని, కుట్ల మీద ఈగలు వాలకుండా విసిరింది. నాకు అన్నం సహించలేదు. నాలుగో రోజు ఇక ఆగలేక దగ్గరికెళ్లి నిలబడ్డాను.

‘‘అత్తా, ఆ కట్టు నేనే కట్టా.’’

‘‘తెలుసు. నీ చీర అంచు నాకు తెలియదా?’’

సిగ్గు పోయి కోపం ముంచుకొచ్చింది. ‘‘తెలిసి ఎందుకు నోరు మూసుకున్నావు? అక్కడే చెప్పొచ్చుగా!’’

అత్త విసరడం ఆపలేదు. నా మొహం కూడా చూడలేదు.

‘‘చెబితే నువ్వు కాదనేదానివి. అందరూ నీ మాటే నమ్మేవాళ్లు. మళ్ళీ పోట్లాట. అక్కడ పిల్ల చస్తోందే.’’